నాలుగో నంబరు మంచం

ఆసుపత్రి మంచం వీర్రాజు వెనకాలే నడుచుకుంటూ ఇంటికొచ్చి పన్నెండు రోజులైనా, దాన్ని ఎక్కడ ఉంచాలన్న తగువు ఆ ఇంట్లో ఇంకా తెగలేదు.

"హాల్లో వద్దంటే వద్దు. వచ్చేపోయేవాళ్ళు చూస్తారు," అంది వీర్రాజు తల్లి అప్పయమ్మ.

"చూస్తే చూశార్లే. ఎదురింటివాళ్ళు వాళ్ళ మంచానికి దుప్పటి కప్పేసి దివాను అని చెప్పుకోవట్లేదా?" అన్నాడు వీర్రాజు.

"పడగ్గదిలో మాత్రం వద్దు," అంది వీర్రాజు భార్య మంగతాయారు. ఎందుకని ఎవరూ అడగలేదు.

అత్యవసర విభాగంలో ఈ పద్ధతి మొదలై ఆర్నెల్లయింది. కాలు విరిగి వచ్చినా, తేలు కుట్టి వచ్చినా, వద్దనని ప్రతివాళ్ళకీ హెచ్‌ఐవి పరీక్ష చేస్తారు. ఉందని తేలితే ఆ పూటే మందు మొదలెడతారు. మాత్రలు మానేయకుండా చూసుకోవడానికి మంచం రోగి వెంట ఇంటికెళుతుంది. రోడ్డు దాటడానికి హెడ్ నర్సు సంతకం చేసిన చీటీ దాని కాలికి కట్టి ఉంటుంది. జబ్బు పేరు ఎత్తకూడదని దానికి గట్టి ఉత్తర్వు.

వీర్రాజు కరెంటు స్తంభం మీంచి పడి భుజం విరగ్గొట్టుకుని వెళ్ళాడు. భుజానికి కట్టుతో, మాత్రల సీసాతో, నాలుగో నంబరు మంచంతో తిరిగొచ్చాడు. మాత్రలు నరాల బలానికన్నాడు తల్లితో. తాయారు సీసా మీది కాగితం చదివింది. ఆ జబ్బు అతనికెలా వచ్చిందన్న సంగతి రెండు రోజులు ఆమె కడుపులో నిప్పులా మండింది. మూడో రోజు నుంచి మండింది వేరే సంగతికి.

పొద్దున ఎనిమిదింటికి మంచం గొంతు సవరించుకునేది. "వీర్రాజు గారూ, నిద్ర పట్టిందా? టిఫిను తిన్నారా? మాత్ర వేసుకున్నారా? మనసు దిగులుగా ఏమైనా ఉందా?"

ఇరవై రెండేళ్ళ కాపురంలో ఈ నాలుగింటిలో ఒక్కటైనా తననెవరైనా అడిగారా అని తాయారు అట్లకాడ పట్టుకుని ఆలోచించింది. పెళ్ళిచూపుల్లో పాట వచ్చా అని అడిగారు. అంతే.

"నేనింకా తినలేదు," అంది ఓరోజు మంచంతో.

"మీ పేరు నా దగ్గర లేదమ్మా. పరీక్ష చేయించుకుంటే తెలుస్తుంది. మిమ్మల్ని తీసుకురమ్మని ఆయనకి మూడుసార్లు చెప్పాను."

"ఏమన్నారు?"

"దానికేం, దుక్కలా ఉందన్నారు."

ఆ మధ్యాహ్నం ఇంట్లో ఎవరూ లేనప్పుడు ఆమె మంచం ఎక్కి వెల్లకిలా పడుకుంది. మంచం తలవైపు మెల్లగా పైకి లేపి ఆమెను కిందికి జార్చింది. "క్షమించాలి. ఇది వీర్రాజు గారి మంచం."

తాయారు చీర దులుపుకుంది. సవతి అయితే జుట్టు పట్టుకుని ఉండేదే.

ఆదివారం మధ్యాహ్నం అందరూ భోజనాలకి కూర్చున్నారు. తాయారు అత్తగారికి పప్పుచారు, కూతురు హారికకి వేపుడు, భర్తకి గుడ్డు వడ్డించింది.

"పొద్దున్నే ఎక్కడికి పోయావే? టీ పెట్టే దిక్కు లేదు," అంది అప్పయమ్మ.

"ఆసుపత్రికి అత్తయ్యా. అత్యవసరానికి."

వీర్రాజు గుడ్డు పక్కకి నెట్టాడు.

"నీకేం అత్యవసరమే?" అంది అప్పయమ్మ.

"చీటీ రాసే అమ్మాయీ అదే అడిగింది. కళ్ళు తిరుగుతున్నాయన్నాను. కూర్చోబెట్టి మంచినీళ్ళిచ్చింది. ఏమైనా తిన్నావా అమ్మా అంది."

హారిక ఒకసారి తండ్రినీ ఒకసారి తల్లినీ చూసింది. తాయారు మొహం చాలాకాలానికి తేటగా ఉంది.

"మందు ఈ పూటే మొదలెట్టారు," అంది గరిటె గిన్నెలో పెడుతూ. "నా మంచం నాలుగింటికి బయల్దేరుతుందట. హాల్లో టీవీ కాస్త ఎడంగా జరపండి."