నలభై రెండు రోజుల ఊపిరితిత్తి

ఆ ఉదయం పూర్ణచంద్రరావు గారు పెట్టుకున్న పనులు రెండే: పేపరు చదవడం, రెండో కాఫీ తాగడం. రిటైరైన కామర్సు లెక్చరరుగా అంతకు మించి ఏదీ నెత్తిన వేసుకోకూడదని ఆయన నియమం. సరిగ్గా ఆ వేళకే కోడలు శాంభవి పెద్ద పెట్టె ఒకటి ఆయాసపడుతూ మోసుకొచ్చి, హాల్లో ఇన్వర్టరు పక్కన దించింది. తన ల్యాబులో కరెంటు పోయి, జనరేటరు కూడా మొరాయించిందట. పెట్టెకు ప్లగ్గూ, లాప్‌టాపూ తగిలించింది.

"మావయ్యగారూ, రెండు గంటలు దీన్ని కనిపెట్టుకుని ఉండండి. మూత తియ్యొద్దు, ప్లగ్గు పీకొద్దు. హైదరాబాదు నుంచి డయానా మేడమ్ వస్తున్నారు. స్టేషన్నుంచి నేరుగా ఇక్కడికే తీసుకొస్తాను. నా ప్రాజెక్టు ఉంచాలో ఎత్తెయ్యాలో ఆవిడ ఇవాళే తేలుస్తారు."

"ఇంతకీ ఇందులో ఏముందమ్మా?"

"మనిషి ఊపిరితిత్తుల కణాలండి. చిన్న చిప్పు మీద పెంచాను. నలభై రెండు రోజులైంది. గాలి పీల్చి వదులుతుంది," అని చెప్పి శాంభవి ఆటో ఎక్కేసింది.

పూర్ణచంద్రరావు గారికి ఒక్కో మాటా విడివిడిగా అర్థమైంది. అన్నీ కలిపితే ఏమీ అర్థం కాలేదు. విన్నది విన్నట్టు భార్య శాంతకుమారికి అప్పజెప్పారు.

"ఎవరి ఊపిరితిత్తులటండీ? ఆ మనిషి ఉందా, పోయిందా? పోతే మనకి మైల కదూ?"

"గాలి పీలుస్తోందటే!"

"అయితే మైల లేదు," అని తీర్పు చెప్పి, ఆవిడ పెట్టె చుట్టూ ఓసారి తిరిగింది. "నలభై రెండు రోజులంటే ఇంకా పసిదే. సాంబ్రాణి వెయ్యకపోతే రొంప పట్టేస్తుంది."

ఆవిడ చేతిలో సాంబ్రాణి పడని పసిబిడ్డ ఆ గుణదల వీధిలో లేదు. పూర్ణచంద్రరావు గారు వారిద్దామనుకున్నారు. కానీ మూత, ప్లగ్గు అంది గానీ కోడలు సాంబ్రాణి సంగతి ఎత్తలేదు. చెప్పని షరతు పెట్టడానికి ఆయనెవరు? ఆయన చూస్తూ ఉండగానే శాంతకుమారి పెట్టెకున్న గాలి గొట్టం దగ్గర నిప్పులు పెట్టి, గుప్పెడు సాంబ్రాణి వేసి, కొంగుతో విసిరింది.

పెట్టె మీద ఎర్రలైటు వెలిగింది. కీచుకీచుమని మోత మొదలైంది. పక్కింటి రిటైర్డు నర్సు తెరేసమ్మ ప్రహరీ మీంచి తొంగిచూసి, "ఏమైంది సార్?" అంది.

"ఊపిరి అందట్లేదమ్మా!" అంటూ ఆయన ప్రహరీ దగ్గరికి పరిగెత్తారు.

"ఎవరికి?"

"నలభై రెండు రోజులు! మా కోడలే పెంచుతోంది!"

తెరేసమ్మ వెంటనే 108కి ఫోను కొట్టింది.

పావుగంటలో అంబులెన్సు, దాని వెనక సగం వీధి వచ్చాయి. కిరీటి అనే కుర్రాడు ఆక్సిజన్ సిలిండరు, కాగితం పట్టుకుని దిగాడు.

"పేషెంటు ఎక్కడండీ?"

పూర్ణచంద్రరావు గారు పెట్టె చూపించారు.

"తల్లి?"

"స్టేషన్‌కి వెళ్ళింది."

కిరీటి అయోమయంగానే రాసుకున్నాడు. "బరువెంత?"

"ఇన్వర్టరుతో కలిపా, విడిగానా?"

అప్పుడే ఆటో దిగిన శాంభవి అంబులెన్సును చూసి, "మావయ్యగారికి ఏమైంది?" అని ఏడుస్తూ పరిగెత్తుకొచ్చింది. ఆ పిల్ల నిద్ర మానుకుని చేసిన పని తన కళ్ళెదుటే పాడైపోయిందని తలుచుకుంటే, తనకే ఏదో ఒకటి అయ్యుంటే బాగుండేదని ఆయనకు నిజంగానే అనిపించింది.

శాంభవి వెనకే ఆటో దిగిన డయానా నేరుగా పెట్టె దగ్గరికి వెళ్ళింది. లాప్‌టాప్‌ తెరిచి, పెట్టెలోని కెమెరా చూపిస్తున్న బొమ్మను చాలాసేపు చూసింది.

"పొగ ఎవరు పెట్టారు?"

"నేనేనమ్మా," అంది శాంతకుమారి.

"ల్యాబులో ఎన్ని పొగలు పెట్టినా ఇది ఉలకలేదు, పలకలేదు. ఇది ఊపిరితిత్తే కాదని రాసి, మూసేద్దామనే వచ్చాను. ఇప్పుడు చూడండి, కఫం ఊరుతోంది! అచ్చం మనిషికి ఊరినట్టే! శాంభవీ, నీ ప్రాజెక్టు ఎక్కడికీ పోదు."

శాంభవి ఏడుపు ఆపకుండానే నవ్వడం మొదలుపెట్టింది.

"అయ్యో, అంత కఫం పట్టిందా! మిరియాల కషాయం కాస్తానుండండి," అని శాంతకుమారి వంటింటి వైపు కదిలింది. నలుగురూ ఒక్క గొంతుతో వద్దని అరిచారు.

నెల తర్వాత వచ్చిన నివేదికలో శాంతకుమారి పేరు పరిశోధకుల జాబితాలో ఉంది; పూర్ణచంద్రరావు గారి పేరు మాత్రం 'ప్రయోగానికి కలిగిన అంతరాయాలు' అన్న శీర్షిక కింద వచ్చింది.