అక్కయ్య ఇంట్లో భోజనానికి వీసా

మా ఊరి కాలువకు అవతలి గట్టు విదేశమని ఇందుమూలముగా తెలియజేయడమైనది. అక్కడ కుక్కర్ కూత వేస్తే మా వాళ్లు ఇక్కడ పొయ్యి కట్టేస్తారు. అంతటి విదేశం. రెండు దేశాల పెద్దలూ ఏటా వంతెన మీద కలుసుకుని, "మనం ఒక తల్లి బిడ్డలం" అని ఉపన్యసించి, పూలగుత్తులు మార్చుకుని, ఎవరి గేటుకు వారు తాళం వేసుకుని వెళ్తారు. ఒక తల్లి బిడ్డలు కనుకనే గేటు అవసరమైందని విజ్ఞులు గ్రహించే ఉంటారు.

మా వీధి దర్జీకి సొంత అక్క ఆ గట్టునే ఉంటుంది. మూడేళ్లుగా ఇద్దరికీ మాటల్లేవు. కారణం బావగారి ప్యాంటు. ఉత్తమ ఉద్యోగి బహుమతి అందుకోవడానికి బావ వేదికెక్కి, పై అధికారి ముందు వినయంగా వంగేసరికి, దర్జీ కుట్టిన ప్యాంటు చప్పట్లకన్నా ముందే చప్పుడు చేసింది. వినయం హద్దుల్లో ఉండాలని ఆ ఆఫీసులో సర్క్యులర్ కూడా వచ్చింది. ఆనాడు మాట మానేసిన అక్క ఇన్నాళ్లకు ఫోన్ చేసింది.

"ఒరే, వచ్చే నెల మొదటి ఆదివారం భోజనానికి రా. పిలిచాక కూడా రాలేదంటే నాకు తమ్ముడే లేడనుకుంటాను."

"ఇప్పుడు వీసా పెట్టారు కదక్కా..."

"డాబా ఎక్కితే నీ తలకాయ కనిపిస్తోంది నాకు. వీసా అంట, వీసా! రావడం ఇష్టంలేదని చెప్పు, సరిపోతుంది."

దర్జీ కళ్లు తుడుచుకున్నాడు. ఉన్న చొక్కాల్లో మంచిది వేసుకున్నాడు. అది ఎవరో కుట్టమని ఇచ్చింది. భార్యను వెంటబెట్టుకుని వీసాకు బయల్దేరాడు. వీసా ఆఫీసు రాజధానిలో ఉంది. కనక కాలువ దాటాలనుకునేవారు ముందుగా కాలువకు వీపు పెట్టి రోజంతా రైల్లో ప్రయాణించాలి. దూరం పెరిగితే ఆప్యాయత పెరుగుతుందని ఇరు ప్రభుత్వాల సదుద్దేశం.

వీసా అధికారి మహా మర్యాదస్తుడు. "హోటల్ బుకింగ్ ఏదీ?" అన్నాడు.

"హోటలెందుకండీ, భోంచేసి వచ్చేస్తాను."

"భోంచేశాక కునుకు పడితే?"

దర్జీ అప్పటికప్పుడు అవతలి గట్టు హోటల్లో గది తీసుకున్నాడు.

"అక్కయ్యగారితో సంబంధాలు ఎలా ఉన్నాయి?"

బాగున్నాయంటే అక్కడే ఉండిపోతాడు. బాగాలేవంటే అసలు వెళ్లడమెందుకు? దర్జీ కాస్త ఆలోచించి, "ఏదో, అలా అలా" అన్నాడు. అధికారి "సంతృప్తికరం" అని రాసుకుని, దర్జీ భార్య వైపు తిరిగాడు.

"మీ ఆయన తిరిగొస్తాడని హామీ ఏంటమ్మా?"

"అయ్యో, ఎక్కడికి పోతాడండీ! పెళ్లైన కొత్తలో అలిగి, సన్యాసుల్లో కలుస్తానని వెళ్లాడు. సాయంత్రం కాఫీ వేళకు దిగాడు. మొన్న స్నేహితుడింట్లో వారం ఉంటానంటే నేను కాస్త కాళ్లు చాపుకుందామనుకున్నాను. చాపేలోపే వచ్చేశాడు. మీరు ఆపినా ఆగడండీ."

తన సర్వీసులో ఇంత గట్టి హామీ ఆ అధికారి చూడలేదు. వెంటనే ముద్ర పడింది. ఒక మనిషికి, ఒక భోజనానికి, ఒక్కసారికి చెల్లుబాటు.

ఆదివారం వచ్చింది. గేటు దగ్గర జవాను దర్జీని తూకం వేశాడు. తిరిగొచ్చేటప్పుడు బరువు పెరగకపోతే భోజనం బూటకమని తేలుతుందట. అక్క గుమ్మంలోనే నిలబడి ఉంది. "ఇంత చిక్కిపోయావేంట్రా!" అంటూనే ఏడ్చింది. తమ్ముడూ ఏడ్చాడు. బావ ఆ ప్యాంటు సంగతి ఎప్పుడో మర్చిపోయాడు. అయినా ముందుజాగ్రత్త చర్యగా ఆ పూటంతా కుర్చీలోంచి లేవలేదు. మూడేళ్ల భోజనం అక్క ఒకే పూట పెట్టింది. "చాలక్కా" అన్నప్పుడల్లా ఇంకో గరిటె వేసింది.

ఆ గరిటెలే కొంప ముంచాయి. తిరుగు తూకంలో దర్జీ వీసా అనుమతించిన దానికన్నా ఎక్కువ తూగాడు. అదనపు భోజనం దిగుమతి కిందికి వస్తుందని తేల్చి, అరిగేదాకా వంతెన మీద బెంచీపై కూర్చోబెట్టారు. బొజ్జ నిమురుకుంటున్న ఆ దిగుమతి సరుకు ఫొటో మర్నాడు రెండు దేశాల పత్రికల్లోనూ పడింది. "అక్కాతమ్ముళ్ల మధ్య గేట్లా?" అని ఉభయ గట్ల జనం ఊగిపోయారు. మంత్రిగారు పరుగున వచ్చి, "తిన్నది అరిగేదాకా ఆగమనే సంస్కృతి మనది కాదు! నేటినుంచి రాకపోకలకు అడ్డు లేదు!" అని గర్జించి, గేటు స్వహస్తాలతో పీకించారు.

మొదటి రోజు కౌగిలింతలు. రెండో రోజు చుట్టాలు.

అక్క పెట్టెలతో దిగింది. వెనకే బావ, బావ తల్లి, బావ మేనమామలు, వారి పాత కోట్లు. "ఇంట్లోవాడివేగా, కాస్త వదులు చేసిపెట్టు నాయనా" అన్నారు. "రండి వదినా, ఎన్నాళ్లకెన్నాళ్లకు!" అంటూనే దర్జీ భార్య వంటింట్లోకి వెళ్లి గోడకు తల ఆనించింది. ఈలోగా ఆమె అన్నలు సకుటుంబంగా గట్టు దాటి, అక్క ఇంటి తాళం తీయించుకుని, "మన వదినగారి ఇల్లేగా" అని స్థిరపడ్డారు. ప్రతి వీధిలోనూ ఇదే ఆత్మీయత.

వారం తిరక్కుండానే వంతెన మీద మహా ప్రదర్శన జరిగింది. "బంధుత్వాలు బతకాలి, వీసా మళ్లీ రావాలి!" ముందు వరసలో అక్క, దర్జీ భార్య ఒకే బ్యానర్ చెరో కొసా పట్టుకుని నడిచారు.

"మా వదినంటే నాకు ప్రాణం," అంది దర్జీ భార్య మైకులో. "ఆ ప్రాణం అవతలి గట్టునుంటేనే క్షేమం."

వదిన ఆమెను గట్టిగా వాటేసుకుని, "నా మనసులో మాట చెప్పావే!" అంది. రెండు దేశాల ప్రజలూ ఒక్క మాట మీద నిలబడటం చరిత్రలో అదే మొదటిసారి. మంత్రిగారు కళ్లొత్తుకుని కొత్త గేటు మంజూరు చేశారు. దర్జీ ఒక్కడే ఎవరికీ కనబడకుండా దుకాణంలోకి వెళ్లి, చాలాసేపు మిషన్ తొక్కాడు. అందులో దారం లేదు.

మీరు నవ్వుతున్నారు, సంతోషం. నిన్న మీ ఇంటి బెల్లు మోగినప్పుడు తలుపు కన్నంలోంచి తొంగిచూసి, టీవీ గొంతు తగ్గించి, పిల్లల నోరు మూసి, మునివేళ్ల మీద లోపలికి వెళ్లిన వీసా అధికారి ఎవరని నేను అడగడం లేదు.