అరువిచ్చిన నడుము

ఆ గురువారం సౌదీలో ఇంటిపని చేసే మహబూబ్బీ వేసుకున్న పథకం చాలా చిన్నది. పొద్దున్నే వాకిలి కడిగి, పిల్లలకు రొట్టెలు పెట్టి, మేడమ్ చిరాకు పడని సమయం చూసి సెలవు అడగాలి. సార్ ఫోనులో పోయి వచ్చే అనుమతి, ఎగ్జిట్ రీఎంట్రీ కొడితే చాలు, వారం తిరిగేలోగా రాయచోటిలో ఉంటుంది.

కూతురు పర్వీన్ వచ్చే నెలాఖరుకు కువైట్‌లో ఇంటిపనికి పోతోంది. మూడేళ్లుగా తల్లీకూతుళ్లు ఒకరి మొహం ఒకరు చూసుకున్నది ఫోనులోనే. వెళ్లొద్దని మహబూబ్బీ చెప్పి చెప్పి అలసిపోయింది. "నువ్వు పోల్యా?" అని పర్వీన్ ఒక్క ముక్క అడిగేది. ఆపలేకపోతే పోనీ, విమానం ఎక్కేముందు ఒకసారి పక్కన కూర్చోబెట్టుకోవాలి. తను దిగకముందే అది ఎక్కేస్తే ఇద్దరూ ఆకాశంలో ఎదురుపడి పోవడమే.

ఖోబర్ నగరంలోని అజీజియాలో ఆ ఇంటి మేడమ్ పేరు నూరా. ఆ పొద్దున ఆమె చేతిలో ఫోను, ఫోనులో ఒక సన్నటి అమ్మాయి. ఆడవాళ్ల శరీరాలు పండ్లలా ఉంటాయని, ఏ పండుకు ఏ ప్యాంటు తొడగాలో తెలియక లోకం పాడైపోతోందని ఆ అమ్మాయి బాధపడుతోంది. నూరా తనది బేరిపండు ఆకారమని తెలుసుకుంది. పైన సన్నం, కింద వెడల్పు. అటువంటివాళ్లు నడుము పైకంటా వచ్చే ముదురు రంగు ప్యాంటు, గంటలా విచ్చుకునే స్కర్టు వేసుకోవాలట. ఇన్నేళ్లూ తెలియకుండా బతికేసినందుకు ఆమె తనకు తనే సంతాపం చెప్పుకుంది.

వీధిలో అందరూ ఒళ్లంతా కప్పే నల్ల అబాయాల్లోనే తిరిగేచోట ప్యాంటు ఎవరికి కనబడుతుందని అడగకూడదు. వచ్చే నెలలో నూరా చెల్లెలి పెళ్లి. దానికి ముందు పుట్టింట్లో ఆడవాళ్ల విందు. అక్కడ అబాయాలు కొక్కేలకు ఎక్కుతాయి, ఎవరు ఏ పండో బయటపడుతుంది.

చిక్కు ఒక్కటే. దుకాణాల్లో బట్టలు మార్చుకునే గదులను నూరా నమ్మదు. కొని, ఇంట్లో వేసి చూసి, నచ్చనివి డ్రైవరు చేత తిప్పి పంపడం ఆమె అలవాటు. ఇంట్లోనేమో అద్దంలో వెనకభాగం కనబడదు. ఫోటో తీద్దామంటే అది ఎవరి ఫోనుకు పోతుందో అని భయం. ఆలోచిస్తూ తలెత్తితే ఎదురుగా సెలవు అడగడానికి నిలబడిన మహబూబ్బీ కనబడింది, నూరా విడిచి ఇచ్చిన పాత బట్టల్లోనే. అవి ఆమెకు అతికినట్టు సరిపోయాయి. ప్రతి జతకూ రెండు పక్కలా లోపల కుట్లు వేసి బిగించుకుంటానని మహబూబ్బీ ఎప్పుడూ చెప్పలేదు, ఎవరూ అడగలేదు.

"నువ్వూ నేనూ ఒకటే," అంది నూరా ఆప్యాయంగా. మూడేళ్లలో ఆమె ఆ మాట అనడం అదే మొదలు. సెలవు మాట ఎత్తితే, విందు అయ్యాక చూద్దామంది. అప్పటికి పర్వీన్ ప్రయాణం నెత్తి మీదికొస్తుంది.

ఆనాటి నుంచి మహబూబ్బీ అద్దం అయింది. ప్యాంటు వేసుకుని హాల్లో నడవాలి, వంగాలి, కూర్చోవాలి. నూరా సోఫాలో పడుకుని తన వెనకభాగాన్ని తనివితీరా చూసుకునేది. ఈ సౌకర్యం గురించి విని ఆడబిడ్డ వచ్చింది. ఆవిడది ఆపిల్ ఆకారం. మహబూబ్బీ పొట్టకు దిండు కట్టి ఆపిల్‌ను చేశారు. ఇంకో చుట్టం పైనుంచి కిందికి పలకలా ఉంటుంది. ఆవిడ కోసం నడుముకు తువ్వాళ్లు చుట్టారు. మధ్యలో వంట కూడా అదే పలక చేయాలి.

ఆ ఇంటి డ్రైవరు భూమేష్‌ది జగిత్యాల దగ్గర ఊరు. నచ్చని ప్యాంట్లు సంచుల్లో మోసి దుకాణంలో మొహం చెల్లక అలసిపోయాడు. వంటింటి గుమ్మంలో టీ తాగుతూ ఉపాయం చెప్పాడు.

"అక్కా, ఆమెకు కావాల్సింది నువ్వు కాదు, నీ నడుము. ఆ నడుమే లేకుంటె నిన్నెందుకు ఆపుతది? జర మంచిగ తిను."

"తిని తిని బస్తా మాదిరి అయితే ఊర్లో ఏమంటారు నాయనా?"

"సౌదీల మంచిగ సూసుకున్నరంటరు."

మాట బాగానే ఉందనిపించింది. మహబూబ్బీ కూతురిని తలుచుకుని అన్నం, మాంసం, ఖర్జూరాలు, పిల్లలు వదిలేసిన కేకులు, ఏదీ విడవకుండా తిన్నది. బిడ్డ కోసం పస్తులున్న తల్లుల గురించి అందరికీ తెలుసు. బిడ్డ కోసం ఇంత తిన్న తల్లి ఆమె ఒక్కతే అయి ఉంటుంది. రెండు వారాలు తిరిగేసరికి, నూరా విందుకని ఎంచుకున్న ముదురాకుపచ్చ ప్యాంటు ఆమె నడుము దగ్గర బొత్తాము పట్టలేదు.

నూరా కెవ్వుమంది. అద్దంలో లావుగా కనబడితే అద్దాన్ని ఎవరూ తిట్టరు. తను ఇంత ఒళ్లు చేసిందని ఇంతవరకూ ఎవరూ చెప్పనందుకు భర్తతో ఒక పూట పోట్లాడింది. ఆ సాయంత్రమే ఇంట్లో పథ్యం మొదలైంది. ప్యాంటు వేసి చూపేది మహబూబ్బీ గనుక, తగ్గాల్సింది మహబూబ్బీయేనని తేలింది. ఆమెకు ఉడికించిన సొరకాయ, దోసకాయ ముక్కలు, మేడ మెట్లు ఎక్కి దిగడం. పక్కన కూర్చుని నూరా తీపి కునాఫా తింటూ ధైర్యం చెప్పేది.

"నీ మాట విని నాకు కూడు గూడా పోయె గదరా," అంది మహబూబ్బీ గుమ్మం దగ్గర గోడ పట్టుకుని.

"నీ పొట్ట పెరిగితె ఆమె తనదనుకుంటదని నాకేమెరుక అక్కా," అన్నాడు భూమేష్.

ఫోనులో పర్వీన్ "నీ మొహం ఎందుకు చిక్కింది" అని అడిగితే, మహబూబ్బీ వెలుతురు తక్కువని చెప్పేది. అవతల పర్వీన్‌కు టికెట్టు వచ్చింది. ఇవతల మహబూబ్బీ రోజురోజుకూ సన్నబడుతుంటే నూరా తనను తాను చూసుకుని మురిసిపోయింది. దర్జీని పిలిపించి, ప్యాంటు నడుమును మహబూబ్బీ కొలతకు బిగింపించింది.

విందు నాడు మధ్యాహ్నం నూరా మొదటిసారి ఆ ప్యాంటులో తనే కాలు పెట్టింది. అది మోకాళ్ల దాకా మర్యాదగా వచ్చింది. ఆ తర్వాత ఇద్దరు ఆడబిడ్డలు లాగినా కదల్లేదు. నూరా మంచం మీద కూలబడి మహబూబ్బీని నడుము నుంచి పాదాల దాకా చూసింది.

"ఇన్నాళ్లూ నాలాగా ఉన్నట్టు నటించావు," అంది. "నీ ఊరికి పో. ఈ ఆకారం బాగుచేసుకుని రా."

చివరికి ఆమె పాదాల దాకా జారే వదులు గౌను, జలాబియా వేసుకుని పోయింది. విందులో ఆడవాళ్లందరూ పరుపుల మీద బాసిపట్లు వేసుకుని, ముందు పళ్లేలు పెట్టుకుని సాయంత్రం దాకా కూర్చున్నారు. ఎవరి నడుమూ ఎవరికీ కనబడలేదు. మర్నాడే శిక్షగా మహబూబ్బీకి సెలవు దొరికింది.

పర్వీన్ ప్రయాణానికి ముందు రోజు ఆమె రాయచోటిలో ఆటో దిగింది. పర్వీన్ పరుగున వచ్చి, నాలుగడుగుల దూరంలో ఆగిపోయింది.

"అమ్మా, అన్నం పెట్టల్యా వాళ్లు నీకు?"

"పెట్నారు. మేడమ్ ప్యాంటు కోసరం నేనే తగ్గినా," అంది మహబూబ్బీ. జరిగిందంతా దాచకుండా చెప్పింది, దిండు సంగతితో సహా. చుట్టూ చేరిన ఆడవాళ్లు ఒకరి మొహాలొకరు చూసుకున్నారు. తిండి పెట్టిన ఇంటిని పల్లెత్తు మాట అనలేక ఏదో కట్టుకథ అల్లుతోందని, ఎంత కష్టపడితే మనిషికి ఇలా మతి పోతుందని కొంగులతో కళ్లు ఒత్తుకున్నారు. ఆమె ఒట్టు పెట్టినకొద్దీ ఏడుపు పెరిగింది. మూడు నెలలు తల్లి బతిమాలితే వినని పర్వీన్, తల్లి మణికట్టు రెండువేళ్లతో చుట్టి చూసి, ఏజెంటుకు ఫోన్ చేసి రానని చెప్పేసింది.

రెండు నెలలు తల్లీకూతుళ్లు ఒకే చాప మీద పడుకున్నారు. సెలవు అయిపోయింది. మహబూబ్బీ పెట్టె సర్దుకుంటుంటే ఈసారి పర్వీన్ వద్దని ఏడ్చింది, పెట్టె మీద కూర్చుంది. మహబూబ్బీ ఆమెను లేపి, మూత వేసి, తాళం పెట్టుకుంది.

ఇల్లు గడవాలంటే ఇంట్లో ఒక్కరికైనా సౌదీ నప్పాలి కదా.