డీజిల్ మూత దిగ్విజయము

అవధరింపుడు సభాసదులారా! ఆంధ్రరాజ్యము రెండు ముక్కలై, మిగిలిన ముక్కకు రాజధాని యేదని పెద్దలు ఏండ్ల తరబడి వాదులాడుకొనుచున్న కాలమున, సూర్యుడు పుట్టుటతోడనే మధ్యాహ్నమగు కడప జిల్లాలో, నీటికంటె ఇసుక ట్రాక్టర్లే ఎక్కువగా పారుచుండు పెన్నానదీ తీరమున, వీధి వీధికీ బంగారపు అంగళ్లతో, అంగడి అంగడికీ నలుగురు బేరగాండ్రతో కన్నులు మిరుమిట్లు గొలుపు ప్రొద్దుటూరు అను పట్టణరాజము కలదు. అందు ఆదినారాయణాచారి యను స్వర్ణకార వీరుడు కలడు. ఆతని కథ చెప్పెదను. నవ్వువారు నవ్వవచ్చును. సొంత కారున్నవారు మాత్రము నవ్వజాలరు.

ఆచారి సామాన్యుడు కాడు. గీటురాయిమీద ఒక్క గీత గీచి, ఇందు రాగి యెంత, వెండి యెంత, అమ్మినవాని అబద్ధమెంత అని చెప్పగల మహానుభావుడు. పెండ్లి తాళిబొట్లు చేయుటలో ఆతనికి సాటి లేడు. అయినను ఆ వీరుని గుండెలో ఒక ముల్లు గ్రుచ్చుకొని యుండెను. ముప్పై ఏండ్లుగా ఎంతటివారి పెండ్లికైనను తాళిని చేతిసంచిలో పెట్టుకొని బస్సెక్కి పోవుట, చెమటలు గ్రక్కుచు కల్యాణమండపము చేరుట, గేటు కాపలావాడు ఎగాదిగా చూచి "ఎవరప్పా నువ్వు?" అని నిలబెట్టుట, ఇదే వరుస. లోపల పెండ్లి తన చేతిలోని వస్తువు లేక జరుగదు, వెలుపల తనకు గేటు తెరచుకొనదు. ఈ అవమానాగ్ని చల్లార్చుకొనుటకే ఆతడు కారు కొన నిశ్చయించెను.

ఎర్రగుంట్లలో ఒక కార్ల బేరగాడు తెల్లని డీజిల్ కారొకటి చూపించి మూడు లక్షల పదివేలనెను.

"డాక్టరమ్మ నడిపిన బండి ఆచారీ. ఆసుపత్రికి పోయేది, ఇంటికొచ్చేది, అంతే. యాడన్నా గీత ఉందేమో సూడు" అని వాడు ప్రమాణపూర్వకముగా పలికెను.

ఈ భూమండలమున అమ్మకమునకు వచ్చిన ప్రతి పాతకారును ఏదో ఒక డాక్టరమ్మయే నడిపియుండును. ఈ డాక్టరమ్మ ఆసుపత్రికి పోయి వచ్చుటలోనే లక్షా నలుబదిరెండు వేల కిలోమీటర్లు తిరిగినదని మీటరు చెప్పుచుండెను. ఆ ఆసుపత్రి కాశీలో నుండెనేమో తెలియదు. ఆచారి మాత్రము తన విద్యనే నమ్ముకొనెను. రంగుపై గోరు గీచి చూచెను, తలుపు వేసి చెవియొగ్గి వినెను, ఇత్తడి భాగములను వ్రేలితో రుద్ది వాసన చూచెను. బానెట్టు ఎత్తి లోపలికి చూడవలెనను ఊహ ఆతనికి కలలోనైనను రాలేదు. బంగారము కొనువాడు దాని రంగు చూచును గాని, కరగించిన పొయ్యిని చూడడు కదా.

తరువాతి వృత్తాంతము పగవానికైనను వలదు. మొదటి నెలలోనే క్లచ్చు ప్లేటు వీరస్వర్గము నలంకరించెను. దాని అంత్యక్రియలకు పదమూడువేల ఎనిమిదివందలు. గుంతలో దిగినప్పుడెల్ల ముందు చక్రముల వద్ద కీళ్లవాతపు ముసలివాని మూలుగు వినవచ్చెను. సస్పెన్షను బుష్షులట, ఆరువేల రెండువందలట. ఎడమ ప్రక్క కిటికీ అద్దము సగము దిగి, అటుపై ఎక్కనూ ఎక్కదు, దిగనూ దిగదు. దాని మోటారుకు మూడువేల రెండువందలని వినగానే ఆచారి "గాలి మంచిదేలే" అని దానిని క్షమించి విడిచిపెట్టెను. జన్మమంతా ఇతరుల బంగారములో తరుగు తీసినవానికి, తన సొమ్ములోనే తరుగు పోవుట ఎట్లుండునో ఆ నెలలోనే తెలిసివచ్చెను.

అట్లు తరుగుచు, విరుగుచు నున్న ఒకనాటి ఉదయమున, కారు తుడుచుచున్న ఆచారికి డీజిల్ ట్యాంకు మూతలో సూదిమొనంత బెజ్జమొకటి కనబడెను. ముక్కు దగ్గరపెట్టి చూచెను. డీజిల్ వాసన! ఆతని రక్తము సలసల క్రాగెను. అంగడిలో ఊడ్చిన దుమ్మును సైతము పారవేయక, మూటగట్టి అందలి బంగారు పొడికై అమ్ముకొను వృత్తి ఆతనిది. లీటరు నూరు రూపాయలకు చేరువైన ద్రవము అహోరాత్రములు ఆవిరియై పోవుచుండగా చూచుచు ఊరకుండునా? తక్షణమే కుంపటి రాజేసి, నగలు నిలబెట్టు ఎర్రలక్కను కరగించి, ఆ బెజ్జమును ముత్యమంత నునుపుగా మూసివేసెను. "ఇంగ పోనీ సూస్తాం" అని మీసము దువ్వెను. ఆ కార్ఖానాలవారు పదివేల మంది ఇంజనీర్లను పెట్టుకొనియు గుర్తింపలేని లోపమును తాను ఒక్కడే సరిదిద్దితినని ఆతని నమ్మకము.

ఆనాటినుండి శకటమునకు వింతజాడ్యము పుట్టెను. ఊరిలో గుఱ్ఱము. ఊరు దాటి ఇరవై కిలోమీటర్లు పోయెనా, ఊపిరాడని ఆస్తమా రోగివలె ఎగశ్వాస పీల్చి ఆగిపోవును; కొంతసేపు చెట్టునీడన నిలిపినచో మరల లేచును. మెకానిక్కులు ఊరిలోనే ఒక చుట్టు తిప్పి "బాగుండాదే!" అందురు, అని ఏదో ఒకటి మార్చకుండ పంపరు. ఒకడు ఫిల్టరు మార్చి పదునాలుగువందల ఏబది పుచ్చుకొనెను. వేరొకడు ఇంజెక్టర్లను స్నానము చేయించి ఎనిమిదివేలు స్వీకరించెను. మూడవవాడు పంపు బాగులేదని పదకొండువేల మూడువందలు గైకొనెను. మూతను ఎవ్వరును చూడలేదు. చూచినను దానికి ఎంత బిల్లు వేయగలరు?

ఇట్లుండగా పులివెందుల ఓబుళరెడ్డి కూతురి పెండ్లికి తాళిబొట్టు చేయు భారము ఆచారిపై పడెను. ముహూర్తము పగలు పదకొండు గంటల ఇరవై నిమిషములు. తాళి వేళకు చేరకున్న పెండ్లి ఆగును. పెండ్లి ఆగినచో ముప్పై ఏండ్ల పేరు పెన్నలో కలియును. ఆచారి భార్య సరోజమ్మ ముందునాడే తన శాసనము వినిపించెను.

"ఏమయ్యా, రేపు ఈ బండి దావలో నిలబడిందంటే, పాత ఇనుము వాన్ని పిలిచి తూకానికి అమ్మేస్తా. ఇంగ జన్మలో దీని పేరెత్తగూడదు."

"నిలబడదే. రేపు సూడు, గేటు దీసి లోపలికి పంపిస్తారు మనల్ని" అనెను ఆచారి.

ఉదయము ఏడు గంటలకు దంపతులు బయలుదేరిరి. ఎర్రగుంట్ల దారిలో సిమెంటు లారీలు బారులు తీరియున్నవని విని జమ్మలమడుగు దారి పట్టిరి. జమ్మలమడుగు పొలిమేర చేరుటయు, శకటము దగ్గెను, వణకెను, నిలిచెను. పావుగంట తరువాత లేచి ఫర్లాంగు నడిచి మరల నిలిచెను. మూడుమారులు లేచి మూడుమారులు కూలెను. గంట తొమ్మిది దాటెను. ఎండ బానెట్టుపై దోసె పోయుటకు సరిపడునట్లు కాయుచుండెను.

అప్పుడు ఆదినారాయణాచారి క్రిందికి దిగి, బానెట్టుపై కుడిచేయి మోపి, మేఘగంభీర స్వరమున ఇట్లు పలికెను: "ఓ ధూమోద్గార ధురంధరమా! నా కష్టార్జిత కబళన కుతూహలమా! నీకు క్లచ్చు నిచ్చితిని, బుష్షుల నిచ్చితిని, నా నిద్ర నిచ్చితిని. ఆశ్రిత రక్షణము చేయని నీవు రథమవా, రాతిబండవా? లెమ్ము, కదలుము, నా మానము కాపాడుము!" ఇదంతయు మనసులో. నోటితో పలికినది మాత్రము: "నీ యబ్బా, నడువే!"

ఇంతలో పులివెందుల బస్సు హారను మ్రోగించుచు దూరమున కనబడెను.

"బస్సొస్తాంది, దిగుదామా వద్దా?" అని సరోజమ్మ సగము దిగిన కిటికీలోనుండి గద్దించెను. "ముహూర్తం నీ బండి కోసం కూర్చోనుండదు."

"ఇంగొక్కసారి సూస్తామే."

"నీకు తాళి ముఖ్యమా, గేటు ముఖ్యమా?"

రెండును ముఖ్యమే యని చెప్పుటకు ఆచారి సిగ్గుపడెను. ఆతని చేయి చొక్కా జేబులోని తాళిని తడిమెను, కన్నులు కారునే చూచెను, బస్సు దుమ్ము రేపుచు వెడలిపోయెను. సరోజమ్మ బస్సు వెళ్లిన దిక్కునకు చూచి, పిమ్మట భర్త దిక్కు చూచెను. ఆ రెండవ చూపు గురించి వర్ణింపకుండుటయే మేలు.

ఆ బస్సు దుమ్ము అణగిన పిదప, రోడ్డుకావల రేకుల షెడ్డులోనుండి అరువది యేండ్ల షంషుద్దీన్ నడచివచ్చెను. పదునైదేండ్లు కువైట్ ఎడారిలో డీజిల్ లారీల గుండెచప్పుళ్లు విని, ఊరికి తిరిగి వచ్చి మెకానిక్ షెడ్డు పెట్టుకొన్నవాడు. ఆతడు బానెట్టు ముట్టలేదు.

"ఎంత దూరం పోతే ఆగుతాందప్పా?"

"ఇరవై కిలోమీటర్లు, భాయ్."

"రోంతసేపు నిలబెడితే మళ్లీ లేస్తాందా?"

"లేస్తాంది."

షంషుద్దీన్ సరాసరి వెనుకకు పోయి డీజిల్ మూత త్రిప్పెను. "ఉస్స్‌స్‌స్!" అని ఏండ్ల తరబడి దిగమ్రింగిన నిట్టూర్పు వంటి శబ్దమొకటి వెడలెను. ఆతడు మూతను ఎండకు పట్టి చూచెను.

"ఇది గాలి పోయే బెజ్జం. డీజిల్ తగ్గేకొద్దీ ట్యాంకులోకి గాలి రావల్ల. రాకుంటే ఇంజను ఎంత పీల్చినా డీజిల్ రాదు. దీన్ని ఎవురో మూసేసినారు. ఎర్రగా ఏందిది... లక్క! యా తలకు మాసినోడు పెట్టినాడప్పా దీన్ని? వాన్ని చూపించు, చెప్పుతో కొడతా."

ముప్పై ఏండ్లు పరుల మోసమును ఒక్క గీతతో పట్టినవాడు, తన చేతి నునుపును తానే గుర్తుపట్టి నేలచూపులు చూచెను. పంపుల ముఖము, ఇంజెక్టర్ల ముఖము, ఇరవైవేల ఏడువందల ఏబది రూపాయల ముఖము ఆతని కన్నుల ముందు గిర్రున తిరిగెను.

"నేనే, భాయ్. ఆవిరి పోతాందని..." అని గొణిగెను.

షంషుద్దీన్ నవ్వలేదు, గడ్డము నిమురుకొని నవ్వు నాపుకొనెను. సరోజమ్మ గాజునకున్న పిన్నీసు అడిగి తెచ్చి లక్కను పొడిచెను. బెజ్జము తెరచుకొనెను. తాళము త్రిప్పగానే శకటము గర్జించి లేచెను.

"ఎంత భాయ్?"

"దుడ్లేం వద్దులే ఆచారీ. పిన్నీసు పని."

ఆ మాట వినగానే ఆచారికి ప్రాణము పోయినంత పనాయెను. ఉచితమనగా రోగము లేదనుటయే కదా! రోగము లేదన్నచో తెలివితక్కువ తనదే యగును కదా! ప్రక్కకు లాగి చెవిలో బ్రతిమాలెను.

"నీకు దండం పెడతా, ఒక బిల్లు రాయి."

"ఏమని రాయల్ల?"

"సెన్సారు పోయిందని రాయి. సెన్సారు ఎవురికి కనపడుతుంది? ఐదునూర్లు ఇస్తా."

"నమాజు చేసే చెయ్యి అప్పా ఇది. లేని సెన్సారు రాయను."

"మున్నూరు ఇస్తా."

"వద్దంటి గదా."

"రెన్నూర్లన్నా తీసుకో, మారాజా!"

రూపాయి తరుగు తగ్గించుమని జనులు కాళ్లు పట్టుకొన్నను కరుగని పాషాణహృదయుడు, తనవద్ద సొమ్ము పుచ్చుకొమ్మని నడిరోడ్డున చేతులు జోడించి యుద్ధము చేయుచుండెను. షంషుద్దీన్ గడియారము చూచి, ఈతనిని వదిలించుకొనకున్న పెండ్లి ఆగునని గ్రహించి, చీటీపై "మూత. గాలి. టీకి ఇరవై" అని వ్రాసి ఇచ్చెను.

ముద్దనూరు దాటువరకు సరోజమ్మ ఆ చీటీని చేతబట్టి త్రిప్పి త్రిప్పి చూచెను. కారు గాలివలె పోవుచుండెను. ఎడమ కిటికీ తెరచియే యుండెనని, ఆమె ఒక్క మాట పోనీయక వినెనని ఆచారికి అప్పుడు స్ఫురించెను.

"ఏమయ్యా" అనెను ఆమె.

"ఊ."

"ఆ లక్క పెట్టిన పొద్దు నన్ను పిలిచి చూపించినావు. ఎంత సక్కగా వచ్చిందో సూడమని."

"ఊ."

"నేను గూడా బాగుందంటి." ఆమె చీటీని మడచి రోడ్డుపైకి విసరెను. "అందుకని ఈ తూరికి నేనేమీ అనను. బండి తోలు."

ముప్పై ఏండ్ల కాపురములో ఆచారికి భార్యపై అంత ప్రేమ కలిగిన ఘడియ వేరొకటి లేదు. కంట నీరు తిరుగగా, దుమ్మని నెపము పెట్టి తుడుచుకొనెను.

పదకొండుకు పది నిమిషములుండగా పులివెందుల కల్యాణమండపము ముందు తెల్లని శకటము నిలిచెను. కాపలావాడు ఎవరని యడుగలేదు. గేటు బార్లా తెరచి సలాము చేసెను. ఓబుళరెడ్డి ఎదురువచ్చి తాళిని కన్నుల కద్దుకొని లోపలికి పంపెను. కారు చుట్టు ఒకమారు తిరిగి చూచెను. ఆచారి రొమ్ము జానెడు పొంగెను.

"బండి నీదేనా ఆచారీ?"

"నాదే రెడ్డీ."

"బాగుంది. రోంత పక్కకు తియ్యి. పెండ్లికొడుకు కారు రావల్ల."

ఆచారి మరల ఎక్కెను. వెనుక మేళగాండ్రు, ముందు బంధుగణము, నడుమ లక్షా నలుబదిరెండు వేల కిలోమీటర్ల డాక్టరమ్మ బండి. తాళము త్రిప్పెను. ఒక్కమారే! అంజలి వేడక, నెట్టుడు కోరక, పొగ గ్రక్కక, ఆ మహాశకటము లేచెను, కదలెను, ఎడమ ప్రక్కకు అక్షరాల ఆరడుగులు జరిగి, చెత్తడబ్బా ప్రక్కన సుప్రతిష్ఠితమాయెను.

ఇట్లు స్వర్ణకార సార్వభౌముడు ఆదినారాయణాచారి నలుబదివేల ఏడువందల డెబ్బది రూపాయల మరమ్మతు వ్యయముతో ఆరడుగుల భూమిని జయించెను. ఆనాడు ఆ మండపములో మంగళవాద్యములు పెండ్లికొడుకు కొరకు మ్రోగినవని లోకులందురు. ఆచారి ఆ మాట నేటికిని నమ్మడు.