షంషాద్‌బీకి మంజూరైన ధైర్యం

చక్కెర జబ్బు ఉన్నవాళ్లకు దిగులు కూడా ఉంటుందని ప్రభుత్వం 2003లో కనిపెట్టింది. కనిపెట్టిన వెంటనే ఆ దిగులును నిర్మూలించడానికి పెనుకొండలో మనోధైర్య కేంద్రం తెరిచి, ఎర్రిస్వామి అనే అధికారినీ ఒక రబ్బరు ముద్రనూ పంపింది. (ముద్ర ముందు వచ్చింది.)

నియమాలు సులభం. ప్రతి రోగికీ ఒక పుస్తకం. నెలకొకసారి పుస్తకం తెస్తే మాత్రలు, వాటితోపాటు అయిదు నిమిషాల ధైర్యం. ఆపైన ‘ధైర్యం ఇవ్వడమైనది’ అని ముద్ర. ముద్ర పడకుండా మాత్రలు ఇవ్వరాదు.

అయితే మా ఊళ్లో ఒక అలవాటుంది. పెనుకొండకు ఎవరు పోతున్నా ఊరి పనులన్నీ వాళ్ల సంచిలోనే వేస్తాం. వారం వారం టమోటాలు అమ్మబోయే గంగాధర సంచిలో అట్లా పదకొండు పుస్తకాలు చేరాయి. గంగాధరకు చక్కెర జబ్బు లేదు, దిగులు అంతకన్నా లేదు. అయినా నియమం నియమమే కాబట్టి ఎర్రిస్వామి అతన్ని కూర్చోబెట్టి, పదకొండు మంది తరఫున యాభై అయిదు నిమిషాలు ఓదార్చాడు. గంగాధర బయటికొచ్చి పావుకిలో జిలేబీ తిన్నాడు.

గాజులమ్మే షంషాద్‌బీ పుస్తకం కూడా అందులో ఉంది. ఆమె అక్కకు హిందూపురంలో మోకాలి కింద కాలు తీసేశారు. ఇప్పుడు ఈమె బొటనవేలికి మానని పుండు. భయంతో ముద్ద దిగడం లేదని సారుకు చెప్పమని గంగాధరను బతిమాలింది. సారు ఎట్లుందని అడిగితే గంగాధర బాగుందన్నాడు. (ఇంకా ఏడు పుస్తకాలు ఉన్నాయి మరి.) ఆ నెల మా ఊరి దిగులు సున్నాగా నమోదైంది. ఆ సున్నాకు మురిసి పైవాళ్లు ఎర్రిస్వామికి ధర్మవరం పట్టుశాలువా మంజూరు చేశారు.

గంగాధర పోయొచ్చిన వారానికి షంషాద్‌బీయే కుంటుకుంటూ కేంద్రానికి వెళ్లింది.

“కాలు పోతాదేమోనని చానా భయంగా ఉండాది సార్. ఇంట్లో చెప్తే ఏడుస్తారని చెప్పలేదు. మీకే చెప్తాండా.”

ఎర్రిస్వామి చెడ్డవాడు కాదు. ఓపిగ్గా విని, పుస్తకం తిరగేశాడు. ముద్ర కనిపించింది.

“నీ ధైర్యం ఇచ్చేసినాం కదమ్మా. గంగాధర తీసుకునిపోయినాడు, ఈడ వేలిముద్ర కూడా ఉండాది. ఒకే నెలలో రెండుసార్లు ఇస్తే ఆడిట్‌లో నన్ను పట్టుకుంటారు.”

పోనీ పుండైనా చూడమంది. ఈ కేంద్రం మనసు వరకేననీ, కాలు హిందూపురం పరిధిలోకి వస్తుందనీ సెలవిచ్చాడు. ఆ ఊరి పేరు వినగానే ఆమెకు చెమటలు పట్టాయి. (చెమటకు ఫారంలో గడి లేదు.) ఇది రాస్తుంటే నాకు ఒళ్లు మండుతోంది గానీ, నియమాల్లో ఎక్కడా తప్పు దొరకడం లేదు.

ఆమె బస్సు దిగి నేరుగా గంగాధర ఇంటికి పోయి, తన అయిదు నిమిషాలు తనకు ఇచ్చేయమంది. గంగాధర తల గోక్కున్నాడు. గుర్తు తెచ్చుకోవాలని నిజంగానే పాటుపడ్డాడు.

“చానా బాగా చెప్పినాడక్కా. వింటాంటే నాకే కండ్లలో నీళ్లొచ్చె. బస్సు దిగేలోపల మర్చిపోతి.”