పాత గాడీకి కొత్త మొహం

ఆదివారం పొద్దున అందరికంటే ముందు చర్చికి పోయి, కారును గేటుకు ఎదురుగా నిలబెట్టాలని జోయెల్ ఆలోచన. కంపెనీవాళ్ళు ఈ ఏడు అదే రకం కారుకు ముందు వైపు కొత్త జాలీ, సన్న లైట్లు, వేరే బంపరు పెట్టి మళ్ళీ అమ్ముతున్నారు. లోపల ఇంజను పాతదే. జోయెల్ తన కారును మన్నాఏఖేళ్ళిలో ఒక దుకాణానికి తోలుకుపోయి ఆ సామానంతా బిగించుకొచ్చాడు. బావమరిది స్టాన్లీ నోరు మూయించాలి, అంతే. స్టాన్లీదీ అదే రకం కారు. ఏడాది ఆలస్యంగా కొన్నాడు గనక, కనబడినప్పుడల్లా "బావా, నీ గాడీ ఇంక నడుస్తున్నదా?" అంటాడు.

స్టాన్లీ వచ్చాడు. చూసి నిలబడిపోయాడు.

"కొత్తది తీసుకున్నవా బావా? జర చెప్పొద్దా!"

జోయెల్ నవ్వాడు. తప్పంతా ఆ నవ్వుదే.

ఆరాధన మొదలయ్యేలోపే ఆ మాట చర్చి అంతా తిరిగింది. ఆడవాళ్ళు జోయెల్ భార్య శాలిని చేతులు పట్టుకుని ఊపారు. సంగతి తెలిసిన శాలిని భర్తను మోచేత్తో పొడిచింది.

"నువ్వే చెప్పు. నేనైతే చెప్ప."

చెబుదామని లేచేసరికి అందరూ పాటకు లేచారు.

ఆరాధన అయ్యాక పాస్టరు మోసెస్ అయ్యగారు నూనె సీసాతో, సంఘాన్నంతా వెంటేసుకుని బయటికొచ్చారు. కొత్త బండికి నూనె రాసి ప్రార్థన చేయడం అక్కడి ఆనవాయితీ. బండి గలవాడు ముందు సాక్ష్యం చెప్పాలి.

స్టాన్లీ బానెట్ మీద మోచెయ్యి ఆనించాడు. "పాతది ఎవరికీ అమ్మకు బావా, నాకియ్యి. ఏడ పెట్టినవ్?"

"చెప్పు నాయనా, దేవుడు చేసిన మేలు," అన్నారు అయ్యగారు.

అబద్ధమాడితే దేవుడు వింటాడు. నిజం చెబితే స్టాన్లీ వింటాడు. జోయెల్ నెంబరు ప్లేటు వైపు చెయ్యి చూపించాడు.

"అయ్యగారూ, ఈ గాడీకి మీరే ఒకపారి నూనె రాసిండ్రు. నెంబరు సూడుండ్రి. మొఖమొక్కటే కొత్తది."

అందరూ వంగి నెంబరు చూశారు.

"మరి పాతది?" అన్నాడు స్టాన్లీ, ఇంకా అర్థం కాక.

"దాని మీదనే ఆనుకొని నిలవడ్డవ్."

సంఘమంతా ఒక్కసారి నవ్వింది. నవ్వు జోయెల్ మీద కాదు. అయ్యగారు నవ్వు బిగబట్టి, "అట్లయితే కొత్తదానికే రాద్దాం," అని బంపరుకు మాత్రం నూనె రాశారు.

జనం కదిలాక స్టాన్లీ దగ్గరికొచ్చాడు.

"ఇవి బిగించిన దుకాణం ఏడున్నది బావా?"

అదే రకం కారు ఉన్న అయ్యగారు కూడా, సీసా మూత నెమ్మదిగా బిగిస్తూ, అక్కడే నిలబడ్డారు.

మరుసటి ఆదివారం చర్చి ముందు మూడు కొత్త కార్లు నిలబడ్డాయి. సాక్ష్యం చెప్పడానికి మాత్రం ఎవరూ ముందుకు రాలేదు.