చెంపకు మంజూరు కాని మందు

కంటి చుక్కలు కంట్లోనే పడి తీరాలి. ఇది ప్రకృతి నియమం కాదు, ఉచిత మందుల పంపిణీ శాఖ నియమం. కాబట్టి ఇంకా గట్టిది.

ఈ సంగతి టైలరు మాస్టారి రెప్పలకు తెలియదు. ఆయనకు గ్లకోమా. కంట్లో ఒత్తిడి పెరిగి, నరం దెబ్బతిని, చూపు అంచుల నుంచి చడీచప్పుడు లేకుండా జారుకునే జబ్బు అది. పోయిన చూపు తిరిగి రాదు. ఉన్నదైనా దక్కాలంటే బతికున్నన్నాళ్లూ రోజూ చుక్కలు వేసుకోవాల్సిందే. భార్య సీసా ఎత్తిందో లేదో ఆయన రెప్పలు టపటపా కొట్టుకునేవి. కంట్లో పడే చుక్కకంటే చెంప మీద జారే చుక్కలే ఎక్కువ. దాంతో నెలకని ఇచ్చిన సీసా నెల తిరక్కుండానే ఖాళీ అయ్యేది.

"మిగతా మందేదీ?" అన్నాడు ఉచిత మందుల కౌంటరులోని అధికారి, ఖాళీ సీసా చూసి.

"చెంప మీద పడింది బాబూ," అంది ఆవిడ.

"చెంపకి మందు మంజూరు కాలేదమ్మా. వచ్చే నెల రండి."

"అప్పటిదాకా చూపు ఆగుతుందా నాయనా? బట్ట మీద గీత కనబడకపోతే ఈయన కత్తెర ఎలా పట్టేది?"

అధికారి దయగలవాడు. వాళ్లను వృథా చుక్కల విచారణ విభాగానికి పంపాడు. (అది మేడ మీద ఉంది. మెట్ల అంచులు కనబడేవాళ్లకు దారి సులువే.) అక్కడి నుంచి రెప్పల తనిఖీదారు ఇంటికొచ్చి, కుట్టుమిషను పక్కన కుర్చీ వేయించుకుని, మాస్టారి కంట్లోకి గుచ్చి గుచ్చి చూశాడు. పరాయి మనిషి అలా చూస్తుంటే ఎవరి రెప్పలు ఊరుకుంటాయి? తనిఖీ చుక్క కాస్తా చెవిలోకి పోయింది.

"రోగి కన్ను సహకరించడం లేదు" అని నివేదిక వెళ్లింది. మాస్టారికి రెప్పల క్రమశిక్షణ తరగతులు పెట్టారు. అవి పూర్తయ్యేదాకా మందు ఆపేశారు. (నేర్చుకోకముందే ఇస్తే మళ్లీ వృథాయే కదా.) మాస్టారు ఒక్క తరగతీ మానలేదు. ఆ తరగతులు మాత్రం వానలు వెలిసి చలి మొదలైనా ముగియలేదు.

"ఏమే, ఈ బల్బేంటి ఇంత మసగ్గా ఉంది?" అన్నారు ఒకరోజు మిషను ముందు కూర్చుని.

బల్బు భేషుగ్గా వెలుగుతోంది. ఆవిడ అప్పటికప్పుడు ఆయన్ని కంటి డాక్టరు దగ్గరికి తీసుకెళ్లింది.

ఎడమ కన్ను ఇక లాభం లేదనీ, కుడి కంటికైనా చుక్కలు ఆపొద్దనీ డాక్టరు చెప్పాడు. ఆ మాట చెబుతూ ఆవిడ కౌంటరు ముందు బావురుమంది. అధికారి చలించిపోయాడు. అడక్కుండానే సీసా చేతిలో పెట్టి, ధైర్యం చెప్పాడు.

"ఊరుకోండమ్మా. ఇక ఒక్క కన్నే కదా, నెలంతా సరిపోతుంది."